బయోడీజిలా, రెన్యువబుల్ డీజిలా, వాడిన నూనె సేకరణా? డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

పోయిన సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. రాజమండ్రిలో వాడికి స్వీట్లు, కారప్పూస చేసే యూనిట్ ఉంది. బాణలిలో మిగిలే నల్లనూనెను ఎవరో వారానికోసారి వచ్చి టిన్నుల లెక్కన కొనుక్కుపోతారు. కాగితం మీద వాడు వేసుకున్న లెక్క ఇంతే: కాలిన నూనె కిలో 60 రూపాయలు, బంకులో డీజిల్ లీటరు 95, మధ్యలో 35 రూపాయల లాభం. "అన్నయ్యా, బయోడీజిల్ ప్లాంటు పెడదామా, లేకపోతే ఇప్పుడు అందరూ అంటున్న రెన్యువబుల్ డీజిల్‌కి వెళ్దామా? ఊళ్లో స్థలం ఉంది, బ్యాంకు లోన్ కూడా ఇస్తానంటోంది" అన్నాడు.

నేను కాకినాడ వైపు ఒక బయోడీజిల్ యూనిట్‌లో కొన్నేళ్లు పనిచేశాను. వాడికి ఆ రాత్రి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ వ్యాపారంలో లాభం రసాయన శాస్త్రం మీద ఆధారపడదు. ముడిసరుకు ఎవరి చేతిలో ఉంది, ప్రభుత్వ ఉత్తర్వు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. వాటిలో మీ చేతిలో ఉండేది మొదటిది మాత్రమే.

ముందు పేర్ల సంగతి

బయోడీజిల్, రెన్యువబుల్ డీజిల్ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ. రెండూ నూనెలు, కొవ్వుల నుంచే వస్తాయి. ఆ తర్వాత దారులు వేరు.

బయోడీజిల్ పద్ధతి చిన్నది. నూనెలో మెథనాల్, కాస్టిక్ లాంటి ఉత్ప్రేరకం వేసి 60 డిగ్రీల దగ్గర కలియబెడతారు. కాసేపు వదిలేస్తే పైన బయోడీజిల్ తేలుతుంది, అడుగున గ్లిజరిన్ చేరుతుంది. 100 కిలోల నూనెకు 10, 11 కిలోల మెథనాల్ పడుతుంది. దాదాపు 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. అయితే దీని అణువులో ఆక్సిజన్ మిగిలిపోతుంది. అందుకే ఇది తేమను పీలుస్తుంది, ఎక్కువ రోజులు నిల్వ ఉంటే పాడవుతుంది, చలికి చిక్కబడుతుంది. డీజిల్‌లో కొంత శాతమే కలిపి వాడాలనే నియమం అందుకే ఉంది.

రెన్యువబుల్ డీజిల్‌కు రిఫైనరీ కావాలి. నూనెను 300 నుంచి 400 డిగ్రీల వేడిలో, గట్టి పీడనం కింద హైడ్రోజన్‌తో కలిపి ఉత్ప్రేరకం మీదుగా పంపిస్తారు. ఆక్సిజన్ నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. మిగిలేది మామూలు డీజిల్‌లో ఉండే హైడ్రోకార్బన్లే. ఇంజిన్‌లో ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య 70 దాటుతుంది, బయోడీజిల్‌కు అది 50 చుట్టుపక్కల ఉంటుంది. ఎంత శాతమైనా కలపొచ్చు, అసలు కలపకుండా నేరుగా కూడా వాడొచ్చు. ఫిన్లాండ్ కంపెనీ నెస్టె ఈ పద్ధతిని ప్రపంచమంతటికీ తీసుకెళ్లింది. ఇదే ప్లాంటులో ఇంకో అడుగు వేస్తే విమాన ఇంధనం వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

చదవడానికి బయోడీజిల్ వంటింటి పనిలా అనిపిస్తుంది. కానీ ఒక రోజు జరిగింది చెప్తాను. ఒక హోటళ్ల సముదాయం నుంచి వచ్చిన ట్యాంకరు నూనెను మావాళ్లు తొందరలో సరిగా పరీక్షించకుండా రియాక్టర్‌లోకి పంపేశారు. నూనె ఎన్నిసార్లు కాగితే అందులో ఆమ్లం అంత పెరుగుతుంది. అది ఒకటి, రెండు శాతం దాటిందంటే ముందు వేరే ఆమ్ల ప్రక్రియ చెయ్యాలి. చెయ్యకపోతే కాస్టిక్ ఆ ఆమ్లంతో కలిసి సబ్బు అయిపోతుంది. ఉదయం అడుగు వాల్వు తిప్పితే గ్లిజరిన్ జారలేదు. పాలతాలికల పాయసం చల్లారినట్టు గోధుమరంగు ముద్ద ఒకటి పైపు నోటి దగ్గర వేలాడుతూ ఉండిపోయింది. రెండు రోజులు వేడినీళ్లు పోసి, పారతో గీకి శుభ్రం చేశాం. ఆ బ్యాచ్ మొత్తం పోయింది. అప్పుడు ల్యాబులో మిగిలిన శాంపిల్ తీసి, చుక్క చుక్కగా ఆమ్లం కొలిచే ద్రావణం వేసి చూశాను. ఎన్ని చుక్కలు పడినా గులాబీ రంగు నిలబడలేదు, వచ్చినట్టే వచ్చి మాయమయ్యేది. ఐదు నిమిషాల పరీక్ష అది. చేసి ఉంటే ఆ ట్యాంకరు గేటు దాటి లోపలికి వచ్చేదే కాదు.

35 రూపాయలు ఎక్కడికి పోయాయి

తమ్ముడి కాగితం మీద తప్పు ఇదీ: బంకు ధరతో పోల్చుకున్నాడు. బంకులో కనిపించే 95 రూపాయల్లో మూడో వంతుకు పైనే కేంద్రం, రాష్ట్రం పన్నులు, డీలర్ కమీషన్. ఆయిల్ కంపెనీ కళ్లకు డీజిల్ విలువ 55 నుంచి 60 రూపాయల మధ్య. మీ బయోడీజిల్‌ను అది పోల్చుకునేది ఆ ధరతోనే.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. ధరలు మీ ఊరివి కనుక్కుని వేసుకోండి, నేను ఉదాహరణకు కాలిన నూనె కిలో 60 అనుకుంటున్నాను. మడ్డి, నీరు, పిండి పోగా లీటరు బయోడీజిల్‌కు 950 గ్రాముల నూనె పడుతుందనుకోండి, అంటే 57 రూపాయలు. మెథనాల్ 4 రూపాయలు. కరెంటు, ఉత్ప్రేరకం, జీతాలు, రవాణా, వడ్డీ కలిపి 7, 8 రూపాయలు. గ్లిజరిన్ అమ్మితే ఒకటో రెండో వెనక్కి వస్తాయి. మొత్తం 67 దగ్గర తేలుతుంది. నూనె కిలోకు 5 రూపాయలు పెరిగితే ఖర్చు దాదాపు అంతే పెరుగుతుంది, ఎందుకంటే మొత్తం ఖర్చులో నాలుగింట మూడు వంతులకు పైగా ముడిసరుకే. మీరు ఎంత తెలివిగా ప్లాంటు నడిపినా మిగతా పావు వంతులోనే పొదుపు చెయ్యగలరు.

రెన్యువబుల్ డీజిల్‌కు కూడా లీటరుకు ఇంచుమించు అంతే నూనె పడుతుంది. పైన హైడ్రోజన్ ఖర్చు ఐదారు రూపాయలు. అసలు బరువు ప్లాంటు పెట్టుబడిది. అమెరికాలో వాలెరో, డార్లింగ్ కంపెనీలు కలిసి టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్‌లో 2022లో ప్రారంభించిన డైమండ్ గ్రీన్ డీజిల్ ప్లాంటు ఏడాదికి 47 కోట్ల గ్యాలన్ల సామర్థ్యం గలది, ఖర్చు సుమారు 145 కోట్ల డాలర్లు. మన లెక్కలో చెప్పాలంటే 178 కోట్ల లీటర్లు, 12 వేల కోట్ల రూపాయలకు పైగా. అంటే ఏడాదికి ఒక లీటరు సామర్థ్యం కోసం 70 రూపాయల దాకా ముందుగానే పెట్టాలి. దాని మీద వడ్డీ, తరుగుదల వేసుకుంటే లీటరు ఖర్చు 75 దాటుతుంది.

ఆ ప్లాంటుకు ఏడాదికి ఎంత నూనె కావాలో కూడా చూడండి. దాదాపు 180 కోట్ల లీటర్లు. మన దేశమంతటా సేకరించగలిగే వాడిన నూనె 220 కోట్ల లీటర్ల దాకా ఉండొచ్చని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అప్పట్లో వేసిన అంచనా. దేశంలోని ప్రతి హోటలూ, ప్రతి బజ్జీల బండీ పోసినా ఒక్క ప్లాంటే అందులో ఎనభై శాతం తాగేస్తుంది. అందుకే రెన్యువబుల్ డీజిల్ ప్లాంటు ఒక కుటుంబం పెట్టగలిగే వ్యాపారం కాదు. చిన్న సైజులో పెడదామంటే హైడ్రోజన్, పీడనం, భద్రత ఏర్పాట్లు అంత చిన్నవి అవ్వవు. ఈ మాట తమ్ముడికి చెప్పినప్పుడు వాడి ముఖం చిన్నబోయింది. కానీ నిజం ఇదే. "చిన్న రెన్యువబుల్ డీజిల్ యూనిట్ పెట్టిస్తాం" అని ఎవరైనా మీ దగ్గరికి వస్తే, ముందు హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందో అడగండి.

అమెరికా కథ ఎందుకు తెలుసుకోవాలి

ఖర్చు 75, డీజిల్ విలువ 60 అయితే అమెరికాలో అన్ని ప్లాంట్లు ఎలా వచ్చాయి? ప్రభుత్వం ఇచ్చే విలువ వల్ల. అక్కడ మూడు పొరలు ఉండేవి. మొదటిది గ్యాలనుకు ఒక డాలరు పన్ను రాయితీ. 2005లో మొదలై, మధ్యలో చాలాసార్లు గడువు తీరిపోయి, మళ్లీ వెనక తేదీతో పునరుద్ధరించిన రాయితీ ఇది. రెండోది రిన్ అనే క్రెడిట్. పెట్రోల్, డీజిల్ అమ్మే రిఫైనరీలు ఏటా ఇంత జీవ ఇంధనం కలిపామని చూపించాలి, చూపించలేకపోతే ఇతరుల దగ్గర రిన్‌లు కొనాలి. గ్యాలన్ బయోడీజిల్‌కు 1.5 రిన్‌లు, రెన్యువబుల్ డీజిల్‌కు 1.7. మూడోది కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే కర్బన క్రెడిట్, అంటే తగ్గించిన కర్బన కాలుష్యానికి టన్నుల లెక్కన ఇచ్చేది.

2022లో ఒక రిన్ ధర డాలరున్నర చుట్టూ తిరిగింది. రిన్‌లు, పన్ను రాయితీ రెండూ కలిపితేనే గ్యాలనుకు మూడున్నర డాలర్లు. మన రూపాయల్లో లీటరుకు 70కి పైనే. ఇంధనం అమ్మిన డబ్బు కాకుండా ఇది. అంత డబ్బు కనబడితే ఎవరు ఆగుతారు? 2024 మొదటికి ఆ దేశంలో రెన్యువబుల్ డీజిల్ సామర్థ్యం ఏడాదికి 400 కోట్ల గ్యాలన్లు దాటింది. కాలిఫోర్నియాలో వాడే డీజిల్‌లో సగానికి పైగా జీవ ఇంధనాలే అయ్యాయి.

అక్కడే దెబ్బ తగిలింది. 2023 జూన్‌లో అమెరికా పర్యావరణ సంస్థ తర్వాతి ఏళ్ల కోటా ప్రకటించింది: ఈ తరహా డీజిల్ 2024కి 304 కోట్ల గ్యాలన్లు, 2025కి 335 కోట్ల గ్యాలన్లు. ప్లాంట్లు చెయ్యగలిగింది దానికన్నా చాలా ఎక్కువ. రిన్‌లు గుట్టలుగా పేరుకున్నాయి. 2024 మొదట్లో రిన్ ధర అర డాలరు దగ్గరికి పడిపోయింది. ఆ ఒక్క కారణంతోనే లీటరుకు 35 రూపాయలకు పైగా ఆదాయం పోయినట్టు. కాలిఫోర్నియా క్రెడిట్ 2021 మొదట్లో టన్నుకు 200 డాలర్ల దగ్గర ఉండేది, అదీ 2024లో 40, 50లకు జారింది. ప్లాంటు అదే, నూనె అదే, పనివాళ్లు అదే. మారింది ప్రభుత్వ కాగితం విలువ.

దెబ్బ తిన్నవాళ్లు చిన్నవాళ్లేం కాదు. షెవ్రాన్ 2024లో అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో రెండు బయోడీజిల్ ప్లాంట్లు మూసింది. అలబామాలోని మొబైల్‌లో వర్టెక్స్ ఎనర్జీ తన రిఫైనరీలో ఒక భాగాన్ని 2023లో రెన్యువబుల్ డీజిల్‌కు మార్చి, 2024లో తిరిగి పెట్రోలియానికే మార్చుకుంది, చివరికి దివాలా కోర్టుకెక్కింది. కాలిఫోర్నియా బేకర్స్‌ఫీల్డ్‌లో పాత రిఫైనరీని మార్చిన గ్లోబల్ క్లీన్ ఎనర్జీ కంపెనీ కూడా 2025 ఏప్రిల్‌లో దివాలా కోర్టుకెక్కింది. ఐరోపాలో షెల్ కంపెనీ రాటర్‌డామ్‌లో ఏడాదికి 8.2 లక్షల టన్నుల ప్లాంటు కడుతూ 2024లో ఆపేసింది, 2025లో పూర్తిగా వదులుకుంది.

2025 నుంచి గ్యాలనుకు డాలరు రాయితీ పోయి దాని స్థానంలో కొత్తది వచ్చింది. ఇంధనం ఎంత తక్కువ కర్బనం వదిలితే అంత రాయితీ, అదీ అమెరికాలో తయారుచేసినవాళ్లకే. 2025 జూలైలో చేసిన చట్టం దాన్ని 2029 చివరి దాకా పొడిగిస్తూ, 2026 నుంచి ముడిసరుకు అమెరికా, కెనడా, మెక్సికోలదే కావాలని షరతు పెట్టింది. మన దగ్గర "నూనె సేకరించి అమెరికాకు ఎగుమతి చేద్దాం" అని ప్లాన్లు వేసుకున్నవాళ్లకు ఈ ఒక్క షరతుతో ఆ రాయితీ తలుపు మూసుకుంది. చైనా 2024 డిసెంబరు నుంచి తన వాడిన నూనె ఎగుమతులపై 13 శాతం పన్ను వాపసు ఎత్తేసింది. అదే ఏడాది ఐరోపా చైనా బయోడీజిల్ మీద సుంకం వేసింది. పన్నెండు నెలల్లో ఇన్ని మార్పులు. పదేళ్ల లోన్ మీద ప్లాంటు కట్టేవాడు ఇవి చూసి టెన్షన్ పడాలి.

ఇండోనేషియా దారి వేరు, అది మన వంటింటికి బాగా దగ్గర. అక్కడ పామాయిల్ ఎగుమతుల మీద సుంకం వసూలు చేసి, ఆ నిధితో బయోడీజిల్‌కు, డీజిల్‌కు మధ్య తేడా పూడుస్తారు. 2025లో కలిపే శాతాన్ని 40కి పెంచారు. వాళ్ల లారీలు ఎంత పామాయిల్ తాగితే మన ఓడలకు అంత తక్కువ మిగులుతుంది. 2022 ఏప్రిల్ చివర్లో వాళ్లు ఎగుమతులే ఆపేసినప్పుడు మన కిరాణా కొట్లలో ప్యాకెట్ ధర ఏమైందో ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు.

మన దగ్గర పరిస్థితి

అడవి ఆముదం కథ నలభై దాటిన రైతులకు గుర్తుంటుంది. 2003లో కేంద్రం దాన్ని బయోడీజిల్ పంటగా ఎత్తుకుంది, 2009 పాలసీ 2017కల్లా 20 శాతం కలపాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా బీడు భూముల్లో అడవి ఆముదం, కానుగ నాటించారు. నీళ్లు లేని నేలలో మొక్క బతికింది కానీ కాయ కాయలేదు. కొనేవాడు కూడా రాలేదు. మొక్కలు పీకేసి మళ్లీ కందులు వేసుకున్నవాళ్లను నేనెరుగుదును. పాలసీ మాట నమ్మి నష్టపోయిన ఆ రైతులకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

2018 జాతీయ జీవ ఇంధన పాలసీ లక్ష్యం తగ్గించి, 2030కి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ అంది. ఇప్పటిదాకా ఒక శాతం కూడా కలవడం లేదు. దేశం ఏటా దాదాపు 9 కోట్ల టన్నుల డీజిల్ వాడుతుంది. అందులో 5 శాతం అంటే 540 కోట్ల లీటర్లు. వాడిన నూనె మొత్తం పోగుచేసినా అందులో సగానికి చాలదు. ఇక కొత్త నూనె వాడదామా అంటే మనం ఏటా 1.6 కోట్ల టన్నుల వంటనూనె దిగుమతి చేసుకుంటున్నాం. ఏలూరు, ఖమ్మం జిల్లాల్లో పెరుగుతున్న పామాయిల్ తోటలను డీజిల్‌కు మళ్లించాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవడం మంచిది. ఆ నూనె ముందు మన పొయ్యి మీదకు రావాలి.

2019 ఆగస్టు 10న ఆయిల్ కంపెనీలు 100 నగరాల్లో వాడిన నూనెతో చేసిన బయోడీజిల్ కొంటామన్నాయి. ధర మొదటి ఏడాది లీటరు 51 రూపాయలు, రెండో ఏడాది 52.70, మూడో ఏడాది 54.50. కాగితం మీద బాగుంది. కానీ 2021, 22 సంవత్సరాల్లో పామాయిల్ ధర మండిపోయింది, దాని వెనకే కాలిన నూనె ధరా పెరిగింది. అమ్మకం ధర మూడేళ్లకు కట్టేసి, కొనుగోలు ధర గాలికి వదిలేస్తే ఏ యూనిట్‌కు గిట్టుతుంది? సుంకాలు కూడా అంతే. రైతుల కోసం 2024 సెప్టెంబరులో ముడి నూనెల దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెరిగింది, 2025 మే చివర్లో 16.5కి తగ్గింది. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల మనసులో బయోడీజిల్ లేదు, కానీ ముడిసరుకు ధర మాత్రం దాంతోపాటే కదిలింది.

ఇంకో కొత్త కొనుగోలుదారు కూడా వస్తున్నాడు. విదేశీ విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం జీవ ఇంధనం ఉండాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి వాడిన నూనెతో విమాన ఇంధనం చేసేందుకు 2025లో అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది. అనుకున్న సామర్థ్యం ఏడాదికి 35 వేల టన్నులు. పెద్ద హోటళ్ల నూనె కోసం ఇప్పటిదాకా సబ్బులవాళ్లు, బయోడీజిల్‌వాళ్లు పోటీ పడేవారు. ఇకనుంచి వాళ్ల పక్కన రిఫైనరీలు కూడా నిలబడతాయి. ముడిసరుకు అమ్మేవాడికి ఇది శుభవార్త, కొనేవాడికి కాదు.

మరి ఏది ఎంచుకోవాలి

చేతిలో పది, పాతిక లక్షలు ఉండి, హోటళ్లతో, మిఠాయి కొట్లతో పరిచయాలు ఉన్నవాళ్లు సేకరణతో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెప్తాను. ఒక ఆటో ట్రాలీ, మూతలున్న డ్రమ్ములు, వడగట్టే జాలీలు, తేమ పోయేలా వేడిచేసే ఒక ట్యాంకు, ఆమ్ల పరీక్ష సామాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర సేకరణదారుగా నమోదు కావాలి. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు, యూనిట్లు పాత నూనె ఎవరికిచ్చాయో రాసి ఉంచాలన్న నియమం మీకు అండ. 2018 జూలై నుంచి నూనెలో పోలార్ పదార్థాలు, అంటే పదేపదే కాగి నూనె పాడైనప్పుడు పుట్టేవి, 25 శాతం దాటితే వంటకు వాడకూడదు. కొలిచే మీటరు చేతిలో పట్టుకుని వెళ్తే వంటమాస్టర్లు మర్యాదగా వింటారు. ఈ పనిలో నాకు నచ్చే విషయం ఒకటుంది. మీరు తీసుకోని ప్రతి టిన్ను తక్కువ ధరకు ఏదో చిన్న బండికి చేరి, మళ్లీ మన పిల్లల ప్లేట్లోకే వస్తుంది. దాన్ని ఆపడం డీజిల్ చెయ్యడం కన్నా పెద్ద పని.

సేకరణలో నష్టం వస్తే ఆటో అమ్ముకుని బయటపడొచ్చు. ప్రభుత్వ ధర మారినా, కొనేవాడు మారినా సరుకు మీ దగ్గరే ఉంటుంది. లాభం కిలోకు కొద్ది రూపాయలే, చాకిరీ ఎక్కువ, నూనెలో నీళ్లు కలిపేవాళ్లతో రోజూ గొడవే. అయినా ముందు ఇదే.

బయోడీజిల్ ప్లాంటు ఎవరికి? మీకు అవసరమైన నూనెలో కనీసం సగం మీ సొంత సేకరణ నుంచి లేదా మీ సొంత మిల్లు నుంచి వస్తుంటేనే. వంటనూనె రిఫైనరీలో మిగిలే ఆమ్ల నూనె, పామ్ స్టియరిన్ (పామాయిల్‌లో గడ్డకట్టే భాగం) లాంటివి చేతికి అందేవాళ్లకు ఇది అర్థవంతం. కాకినాడలో బయోడీజిల్ ప్లాంట్లు రావడానికి కారణం అదే: ఓడరేవు, పక్కనే వంటనూనె రిఫైనరీలు, ట్యాంకు ఫారాలు. అమెరికా కంపెనీ ఎమెటిస్ అనుబంధ సంస్థ యూనివర్సల్ బయోఫ్యూయల్స్ 2008 నుంచి అక్కడే ఉంది. లోపలి ఊరిలో ట్యాంకర్లలో నూనె తెప్పించుకుని అదే పని చేస్తే కిరాయికే లాభం పోతుంది.

ప్లాంటు పెట్టేవాళ్లు వర్కింగ్ క్యాపిటల్ గురించి నేను చెప్పేది రాసి పెట్టుకోండి. కాలిన నూనె నగదుకే దొరుకుతుంది. బయోడీజిల్ డబ్బు మాత్రం శాంపిల్ పాసై, బిల్లు కదిలి, వారాల తర్వాత వస్తుంది. బయోడీజిల్ నాణ్యతకు మన దేశం పెట్టిన ఐఎస్ 15607 ప్రమాణాల్లో ఏ ఒక్కటి తప్పినా ట్యాంకరు వెనక్కి తిరుగుతుంది, రానూపోనూ కిరాయి మీదే. నేను పనిచేసిన చోట యంత్రాలు ఆగిన రోజులకన్నా చేతిలో డబ్బు లేక నూనె కొనలేక ఆగిన రోజులే ఎక్కువ. మెథనాల్ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. అది విషం, పైగా పగటి వెలుగులో దాని మంట సరిగా కంటికి కనిపించదు. అనుమతులు, నేల తొట్లు, మంటలార్పే ఏర్పాట్లు లేకుండా షెడ్డులో మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

ఆయిల్ కంపెనీలకు కాకుండా నేరుగా లారీలవాళ్లకు అమ్ముదామనుకునేవాళ్లకు ఒక మాట. రిటైల్ అమ్మకానికి 2019 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి, రాష్ట్ర అనుమతి కావాలి. గుజరాత్‌లో బయోడీజిల్ పేరుతో ఏవేవో ద్రావకాలు అమ్మినవాళ్ల మీద ప్రభుత్వం 2021లో పెద్ద ఎత్తున దాడులు చేసింది. నిజాయితీగా చేసేవాళ్లు కూడా ఆ అనుమానం కిందే బతకాల్సి వచ్చింది.

రెన్యువబుల్ డీజిల్ విషయంలో మీకు రెండే పాత్రలు ఉన్నాయి. ఒకటి, ఆ ప్లాంట్లకు, విమాన ఇంధన యూనిట్లకు నూనె సరఫరా చెయ్యడం. దానికి ప్రతి డ్రమ్ము ఏ హోటలు నుంచి వచ్చిందో చూపించే రికార్డు కావాలి, ఎందుకంటే అంతర్జాతీయ ధ్రువీకరణలు అడిగేది అదే. ఈ రోజు నుంచే రసీదులు సరిగా రాసుకునేవాడికి మూడేళ్ల తర్వాత మంచి ధర వస్తుందని నా నమ్మకం. రెండు, షేర్లు కొనడం. అది వేరే సంగతి, నేను సలహా చెప్పలేను.

ఇంధనం కొని వాడేవాళ్లు, అంటే జనరేటర్లు, లారీలు ఉన్నవాళ్లు అడుగుతుంటారు. 7 శాతం దాకా బయోడీజిల్ కలిసిన డీజిల్‌తో ఇబ్బంది లేదు. అంతకు మించి అయితే ఇంజిన్ కంపెనీ ఒప్పుకుందో లేదో పుస్తకంలో చూసుకోండి. మొదటిసారి వాడినప్పుడు పాత ట్యాంకులో మడ్డిని అది కడిగి ఫిల్టర్‌లోకి తెస్తుంది, కాబట్టి ఒకటి రెండు ఫిల్టర్లు అదనంగా పెట్టుకోండి. ఆసుపత్రి జనరేటర్ లాగా నెలల తరబడి కదలకుండా ఉండే ట్యాంకులో ఎక్కువ శాతం బయోడీజిల్ పోయొద్దు. అలాంటి చోటుకు రెన్యువబుల్ డీజిలే సరైనది, కానీ మన బంకుల్లో అది దొరికే పరిస్థితి ఇంకా లేదు.

తమ్ముడితో ఆ రాత్రి ఒక సంఖ్య దగ్గర ఒప్పందానికి వచ్చాం. రోజుకు 4 టన్నుల నూనె, ఆమ్లం లెక్క రాసి ఉన్న నూనె, వరసగా ఆరు నెలలు సేకరించగలిగితే అప్పుడు ప్లాంటు మాట మళ్లీ ఎత్తుకోవాలి. ఈలోగా డీజిల్ ధర, సుంకాలు రెండుసార్లు మారినా వాడు తట్టుకున్నాడంటే బ్యాంకుకు చూపించడానికి నిజమైన కాగితం ఉంటుంది. వాడు బ్యాంకు లోన్ పక్కన పెట్టి, పాత ఆటో ట్రాలీ కొని, బైండు చేసిన పెద్ద నోటుబుక్కులో హోటలు పేరు, కిలోలు, ఎన్ని చుక్కలకు గులాబీ రంగు నిలిచిందో రాసుకుంటున్నాడు. పోయిన వారం ఫోన్ చేస్తే రోజుకు 900 కిలోల దగ్గర ఉన్నానన్నాడు.